అమ్మమ్మ పట్టుచీర ఇక చాలు

ఈ మధ్య మన వెబ్ పత్రికల్లో ఏ సంచిక తెరిచినా ఎవరో ఒకరి అమ్మమ్మ పట్టుచీర కనిపిస్తోంది. బీరువా తలుపు, కలరా ఉండల వాసన, మడతల్లో చిరిగిన జరీ, చివర్లో కాసిని కన్నీళ్ళు. నేనూ అలాంటిదొకటి రాశాను, కాబట్టి తిట్టే హక్కు నాకుంది. ఆ చీర ఆవిడ ఏడాదికి మూడుసార్లు కట్టి ఉంటుంది. మిగతా 362 రోజులూ ఏం కట్టుకుంది?

పోయినేడు నాయనమ్మ ఇల్లు అమ్మేటప్పుడు అటక మీంచి ట్రంకుపెట్టె దించాం. అందులో మా మేనత్త చిన్నప్పటి పరికిణీ ఉంది. వెలిసిపోయిన నీలం. అంచుకి కాస్త పైన అడ్డంగా మూడు చారలు, ఒకదాని కన్నా ఒకటి ముదురు. డిజైన్ అనుకున్నాను. కాదట. పిల్ల ఎదుగుతుందని పొడుగు ఎక్కువ పెట్టి, అడుగున మడతలు వేసి కుట్టేవారు. ఏటా ఒక మడత విప్పేవారు. మడతలో దాక్కున్న గుడ్డకి ఎండ తగల్లేదు, రంగు నిలిచింది. మేం ఆఫీసులో కోడ్ మార్పుల చరిత్రని గిట్‌లో దాస్తాం, నాయనమ్మ సూదీదారంతో దాచింది. (పోలిక కాస్త అతే, ఒప్పుకుంటాను.) మూడు చారలంటే కొత్త గుడ్డ కొనకుండా నెట్టుకొచ్చిన మూడేళ్ళు.

నాయనమ్మ జాకెట్టు పక్కన విప్పిన కుట్ల చిల్లులు నాలుగు వరసలున్నాయి. ఆరు కాన్పుల మనిషి. వదులు చేసుకుంది, బిగించుకుంది, మళ్ళీ వదులు చేసుకుంది.

పాత చీరలు బొంతలయ్యేవి, పంచెలు పొత్తిగుడ్డలయ్యేవి, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డలు. ఇంకో ముక్కని నెలనెలా ఉతికి, దొడ్లో ఓ మూల వేరే బట్ట కింద, ఎవరి కంటా పడకుండా ఆరేసేవారు. దాని మీద రాయండి నాస్టాల్జియా వ్యాసం, చూద్దాం. అత్త దగ్గర ఆ మాటెత్తితే, "ఛీ, అవన్నీ రాస్తావేంట్రా?" అంది.

మ్యూజియాలదీ ఇదే వరస. అహ్మదాబాద్‌లో 1949లో పెట్టిన కాలికో మ్యూజియంలో దర్బారు వస్త్రాలూ గుడి తెరలూ చూసి నోరు తెరుస్తాం. మన కోరమాండల్ తీరపు అద్దకాలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియందాకా వెళ్ళాయి. ఎక్కువ వాడని గుడ్డే కదా మిగిలేది! రోజూ కట్టింది అరిగిపోతుంది, అరగ్గా మిగిలితే స్టీలు గిన్నెలవాడి మూటలోకి పోతుంది. సాక్ష్యమే ఇంత వంకరగా ఉన్నప్పుడు రాసేవాడు ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మనమేమో మిగిలిన ఆ ఒక్క చీర పట్టుకుని, "ఆ రోజుల్లో ఎంత నిండుగా బతికారో" అని రాసేస్తున్నాం.

పరికిణీ మూల నల్లజీడి రసంతో పెట్టిన చాకలి గుర్తు ఇంకా చెరగలేదు. రెండు చుక్కలు, ఒక గీత. అది మా ఇంటి గుర్తని అత్త చూడగానే చెప్పింది. పెట్టినామె రోజూ పొద్దున్నే వచ్చి మూట పట్టుకెళ్ళేదట. పేరడిగాను. చాలాసేపు ఆలోచించింది, గుర్తు రాలేదు.