స్మిత్ అని వెతికితే దొరకడు

బ్రిటన్‌లో జర్మన్ పూర్వీకుల్ని వెతికేవాళ్లు ముందు ఇంటిపేరే టైప్ చేస్తారు. నాకైతే అది తప్పు దారి అనిపిస్తుంది. మన డీబీఎంఎస్ భాషలో, ఇంటిపేరు ప్రైమరీ కీ కాదు.

19వ శతాబ్దంలో హోహెన్‌లోహె ప్రాంతం నుంచి బోలెడుమంది వచ్చి ఇంగ్లండ్ ఊళ్లలో పంది మాంసం కొట్లు పెట్టుకున్నారు. 1915 మేలో జర్మన్ సబ్‌మెరీన్ లూసిటానియా ఓడను ముంచేసింది. అంతే, లివర్‌పూల్‌లోనూ ఇంకా చాలాచోట్లా జనం ఆ కొట్ల మీద పడ్డారు. అద్దాలు పగలగొట్టారు, సరుకు ఎత్తుకుపోయారు. ఎంతోమంది ష్మిట్‌లు స్మిత్‌లయ్యారు. (1917లో రాజుగారే సాక్స్-కోబర్గ్-గోథా తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నారు, ఇక కొట్టువాడిని ఏమంటాం?)

కాబట్టి ఊరు పట్టుకోవాలి. జనాభా లెక్కల్లో చాలాసార్లు ఉత్త 'జర్మనీ' అనే రాసుంటుంది. సొంతూరు తెలియాలంటే క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పౌరసత్వం కాగితాలు, జర్మన్ చర్చిల రిజిస్టర్లు తిరగెయ్యాలి.

'మా ముత్తాత పేరు దాచేశాడు' అని కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. పేరు ఏ ఏడాది మారిందో చూస్తే ఆ ఇంట్లో భయం ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. 1911 లెక్కల్లో ష్మిట్, 1921లో స్మిత్. అదే వీధి, అవే పిల్లల పేర్లు. ఇక మనిషి దొరికినట్టే.