అక్కను పిలవకపోతే అమ్మ కథ సగమే

బేగంపేట: పెత్తరమాస వచ్చిందంటే పెద్దలకు బియ్యం ఇవ్వడం తెలంగాణ పల్లెల్లో తరతరాల ఆనవాయితీ. భాద్రపద అమావాస్య నాడు పొద్దున్నే స్నానాలు చేసి, విస్తరిలో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి, పోయినవారి పేరు చెప్పి అయ్యగారికి అందజేస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ గనుక ఆడపడుచులూ పుట్టింటికి చేరతారు. ఏడాదిలో తోడబుట్టిన వారంతా ఒకచోట కూర్చునే రోజులు కొద్ది. వాటిలో ఇదొకటి.

ఈ కలయికలు ఇప్పుడు చాలావరకు పట్నానికి మారాయి. వికారాబాదు, తాండూరు వైపు పల్లెల నుంచి వచ్చి బేగంపేట, సికింద్రాబాదు ప్రాంతాల్లో స్థిరపడిన వారి ఇళ్ళకే ఊళ్ళో ఉన్న అన్నలు, అక్కలు రైలెక్కి వస్తున్నారు. అయ్యగారు వెళ్ళిపోయి, భోజనాలు ముగిసి, పెద్దవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నాక జరిగే ముచ్చటే ఆ రోజుకు ప్రాణం. అది ఎంత విలువైనదో చాలామంది గుర్తించకపోవడం విచారకరం.

ఒక్కొక్కరికి ఒక్కో తండ్రి

ఒకే కడుపున పుట్టినా అందరూ చూసిన తండ్రి ఒకడు కాదు. పెద్దకొడుకు చూసిన తండ్రి పాతికేళ్ళ యువకుడు. తెల్లవారుజామున మోట కట్టి, పెద్దమనుషుల ఇంటి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచి, అప్పు పుట్టని రోజున ఇంట్లో అందరి మీదా కస్సుమన్న మనిషి. నడిమివాడు చూసింది కరెంటు మోటారు పెట్టించి, పిల్లల్ని బడికి పంపిన తండ్రిని. కడగొట్టువాడికి గుర్తున్నది మంచం మీద దగ్గుతూ, మనవళ్ళకు పిప్పరమెంట్లు పంచిన ముసలాయన. "నాయిన గట్ల కొట్టేటోడా అన్నా?" అని తమ్ముడు అడిగితే, అన్న చెప్పే జవాబులో ఆ కాలపు కరువంతా ఉంటుంది. నలుగురి మాటలూ కలిస్తేనే తండ్రి నిండు మనిషిగా కనబడతాడు.

తల్లి చిన్నతనంలోనే పోయిన ఇళ్ళలో ఈ అవసరం మరీ ఎక్కువ. ఉయ్యాలలో ఉండగా తల్లిని పోగొట్టుకున్న వాడికి అమ్మ అంటే అక్క చెప్పిన మాటలే. అమ్మ ఏ పేరుతో పిలిచేదో, ఫీజు కట్టడానికి ఏ నగ అమ్మిందో, ఏ జబ్బుతో పోయిందో అక్కకే తెలుసు. గల్ఫుకు పోయిన కొడుకుల్లో కొందరు తల్లిని చివరిసారి చూసింది బేగంపేట విమానాశ్రయం గేటు దగ్గరే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. ఆ గేటు దగ్గర బిడ్డను సాగనంపి ఇంటికి తిరిగొచ్చిన తల్లి ఆ రాత్రి ఏం మాట్లాడిందో, పక్కన ఉన్న అక్క చెబితేనే కొడుకుకు తెలిసేది.

వాటా తగాదాతో తలుపు మూత

ఇంతటి అక్కనే ఎన్నో ఇళ్ళలో పిలవడం మానేస్తున్నారు. కారణం భూమి. ఎకరం ధర లక్షలు, కోట్లు పలికే ఈ రోజుల్లో ఆమె వాటా మాట ఎత్తిందనో, సంతకం పెట్టలేదనో అన్నదమ్ములకు కోపం. పెళ్ళికి కట్నం ఇచ్చామని, తండ్రి అప్పులు తామే తీర్చామని, చివరి రోజుల్లో సాకింది తామేనని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ చట్టం స్పష్టంగా ఉంది. 1986లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణతో పెళ్ళైన వారికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005కు ముందే మరణించినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరాదు.

కాబట్టి వాటా సంగతి కాగితం మీద, పెద్దమనుషుల ఎదుట, వేరే రోజున తేల్చుకోవడం మేలు. పెద్దల పండుగ నాడు దాన్ని ఎత్తడం గానీ, దాని కోసం ఆడపడుచును దూరం పెట్టడం గానీ తగదు. నిజాం వంశపు ఆడబిడ్డకు పెళ్ళి కానుకగా ఇచ్చిన భూమి గనుకనే బేగంపేటకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. రాజుల ఇంట కూతురికిచ్చిన భూమి ఊరి పేరుగా నిలిచింది. రైతు ఇంట కూతురు కనీసం విస్తరి దగ్గర కూర్చోవడానికైనా నోచుకోవాలి కదా!

రాసి పెడితేనే నిలిచేది

రెండో పని, విన్నది రాసి పెట్టడం. ఇందుకు బేగంపేటలోనే సాక్ష్యం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న కనుగొని, 1902లో నోబెల్ బహుమతి పొందిన రోనాల్డ్ రాస్ పేరిట ఇక్కడ ఒక భవనం ఉంది. ఆయన పరిశోధన కోసం దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్ తన రాతల్లో ఆ పేరు పెట్టాడు గనుకనే, నూట పాతికేళ్ళు దాటినా ఆ పేదవాణ్ణి లోకం తలుచుకుంటోంది. రాసేవారు లేక మన తాతల్లో ఎందరి పేర్లు మాసిపోయాయో!

దీనికి ఖర్చేమీ లేదు. ఇంట్లో బడికి పోయే పిల్లవాడి చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వాలి. తాత, ముత్తాతల పేర్లు, అవ్వల పుట్టిళ్ళు, ఏ ఏడు ఏ బావి తవ్వారో, ఎవరికి చక్కెర జబ్బు, ఎవరికి గుండెజబ్బు ఉండేదో పెద్దలు చెబుతుంటే రాయించాలి. రేపు డాక్టరు అడిగేది కూడా ఈ జబ్బుల సంగతే. పాత ఫొటోల వెనుక ఎవరెవరో రాయాలి. సెల్‌ఫోన్‌లో పెద్దక్క గొంతు పట్టి ఉంచాలి. అక్షరం రాని అక్క చెప్పిందే మనవలకు చరిత్ర.

పెద్దన్నకు డెబ్బై దాటింది, పెద్దక్కకు చూపు ఆనడం లేదు. ఇలాంటి ఇళ్ళు జిల్లాలో ఊరికి పది ఉంటాయి. వాళ్ళతోపాటే తల్లిదండ్రులు రెండోసారి పోకుండా చూసుకోవలసిన బాధ్యత చిన్నవారిదే. వచ్చే పెత్తరమాసకు ముందే తమ్ముళ్ళు పంతం మాని అక్క ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి పిలుచుకు రావాలి.