దత్తత పత్రములు, బిడ్డ ప్రాయము

తెలుగునాట దత్తత యనునది క్రొత్తగా వచ్చిన యాచారము కాదు. సంతానము లేనివారు బంధువుల బిడ్డను పెంచుకొనుట, తలిదండ్రులు పోయిన బిడ్డను మేనమామయో పినతల్లియో చేరదీయుట మన కుటుంబములకు చిరపరిచితమైన విషయము. బంధువుల యెదుట ఒకరు బిడ్డను ఇచ్చి, మరియొకరు ఒడిలోనికి తీసికొని, పెద్దలు సాక్షి సంతకములు చేసినచో కార్యము ముగిసెడిది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము సైతము ఇచ్చి పుచ్చుకొనుట యను క్రియకే ప్రాధాన్యమిచ్చి, రిజిష్టరైన దత్తపత్రమును దానికి ప్రమాణముగా గ్రహించినది. కుమార్తెను దత్తత గొనుటకు స్పష్టమైన చట్టసమ్మతి కలిగినదియు ఆ చట్టముతోడనే.

కాని పుచ్చుకొనువారు సముద్రమున కావల నున్నప్పుడు ఈ చిన్నదారి చాలదు. చేయవలసిన పని ప్రేమతో ఆరంభమగును; పిదప నది దస్త్రముగా మారును. ఆ దస్త్రముతో విసిగిన దంపతులు, “బిడ్డ యున్నది, మేమున్నాము, మధ్య నీ కాగితము లెందులకు?” అని యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును న్యాయముగనే వెదుకవలెను.

రావికమతము వంటి యూరిని తీసికొందము. తలిదండ్రులను కోల్పోయిన పదమూడేండ్ల బాలిక యొకతె అచ్చట అమ్మమ్మ యొద్ద పెరుగుచున్నదని, అమెరికా పౌరురాలైన పినతల్లి యామెను దత్తత గొన నెంచినదని ఊహింతము. 2015 నాటి బాలల న్యాయ చట్టము విదేశములందలి బంధువు ఇట్లు దత్తత గొనుటకు మార్గము చూపినది. అయితే బంధువనగా నెవరు? తలిదండ్రుల తోబుట్టువులు, తాతలు, అవ్వలు మాత్రమే. మన యిండ్లలో వరుసకు పినతల్లి యైన యామె సొంత పినతల్లితో సమానురాలు. చట్టమునకు మాత్రము వరుస చాలదు, రక్తసంబంధమునకు రుజువు కావలెను. తల్లియు పినతల్లియు ఒకే తల్లి బిడ్డలని చూపుటకు నలువదేండ్ల క్రిందటి జనన పత్రములకై వెదకవలసి వచ్చును. ఆనాడు ఇంటిలో పురుడు పోసికొన్న బిడ్డల పేర్లు ఏ పట్టికలోను లేకపోవుటయు కలదు.

ఇక తక్కిన పత్రములు. అచ్చట పెంచుకొనువారి గృహము, ఆదాయము, ఆరోగ్యము, నడవడి పరిశీలించిన నివేదిక. వారి వ్రేలిముద్రల తనిఖీ. ఇచ్చట తలిదండ్రుల మరణ పత్రములు, బిడ్డ కుటుంబ స్థితిని గూర్చి జిల్లా బాలల సంరక్షణ విభాగము వ్రాయు నివేదిక, పెంచుచున్నవారి సమ్మతి, ఐదేండ్లు నిండిన బిడ్డ యగుటచే ఆమె సమ్మతియు. పిదప కలెక్టరు ఉత్తరువు, ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ, అనగా ‘కారా’, ఇచ్చు నిరభ్యంతర పత్రము, పాసుపోర్టు, వీసా. ఇందు ఒకటి మరియొకదానిపై నాధారపడి యుండును. అమెరికావారి వ్రేలిముద్రల తనిఖీ 15 నెలలకే చెల్లును. ఇచ్చటి పత్రము చేతికి వచ్చునప్పటికి అచ్చటి పత్రమునకు గడువు తీరును. దానిని మరల తెచ్చుకొనవలెను.

వీనికి తోడు పేర్ల చిక్కు. జనన పత్రమున నూకరత్నము, బడి పట్టికలో రత్నము, ఆధారు కార్డులో నూక రత్నమని విడివడిన రెండు మాటలు. ఇంటిపేరు ముందు వ్రాయుట మన సంప్రదాయము. పాసుపోర్టు దానిని వేరు గడిలో నడుగును. ఊరి చిక్కును కలదు. రావికమతము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది; 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి అనకాపల్లి జిల్లాలోనిది. బిడ్డ కదలలేదు, ఊరు కదలలేదు. అయినను జనన పత్రమున నొక జిల్లా, నివాస పత్రమున నొక జిల్లా కనబడును. దూరదేశపు ఉద్యోగికి ఈ సంగతి యెవరో వ్రాసి తెలుపవలెను.

ఇంత కఠినముగా ఈ నియమము లేల వచ్చినవి? ఒకనాడు విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద బిడ్డకు సంరక్షకులై, తమ దేశమునకు గొనిపోయి, అచ్చటి చట్టము ననుసరించి దత్తత గొనుచుండిరి. ఆ బిడ్డ పిదప ఏమైనదో అడుగు నాథుడు లేకుండెను. 1982లో న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే సుప్రీముకోర్టునకు ఈ విషయమై లేఖ వ్రాసెను. దానినే అర్జీగా స్వీకరించి 1984లో న్యాయమూర్తి పి. ఎన్. భగవతి చెప్పిన తీర్పే నేటి విధానమునకు మూలము. 1993లో హేగు నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువీకరించినది. బిడ్డకు మొదట సొంత కుటుంబము, పిదప స్వదేశము, అటుపిమ్మటనే పరదేశము; ఈ కార్యమున ఎవరును అనుచితముగా ధనము గడింపరాదు. ఒడంబడిక సారాంశ మిది.

ఆ నియమముల యావశ్యకత మన రాష్ట్రమునకే ముందుగా తెలిసివచ్చినది. 1999లోను, మరల 2001లోను హైదరాబాదునందలి కొన్ని శిశుసంస్థలపై విచారణలు జరిగినవి. నల్లగొండ ప్రాంతపు లంబాడీ తండాలలో పేద తల్లుల యొద్ద ఆడశిశువులను స్వల్ప ధనమునకు కొని, విదేశ దత్తతలకు పంపుచుండిరన్న సంగతి లోకమునకు వెల్లడియైనది. పేదరికము వలనను, ఆడపిల్ల యగుట వలనను బిడ్డను అప్పగించుటను 2001లో రాష్ట్ర ప్రభుత్వము నిషేధించినది. గమనింపదగిన దేమనగా, ఆ శిశువులకును పత్రములు లేకపోలేదు. తల్లి వ్రేలిముద్ర వేసిన అప్పగింత పత్రము లుండెను. ఆమెకు చదువు రాదు. అందేమి వ్రాసియున్నదో ఆమె యెరుగదు.

కావున పత్రముల సంఖ్య బిడ్డను కాపాడదు. పత్రమనగా సాక్షి. సాక్షి సత్యము పలుకవలెను, సకాలమున పలుకవలెను. తండాల బిడ్డల విషయమున సాక్షి అసత్యము పలికెను. రావికమతపు బాలిక వంటివారి విషయమున సాక్షి సత్యమే పలుకును గాని, ఏండ్ల పిమ్మట పలుకును. రెంటను నష్టపోవునది బిడ్డయే. అమెరికా చట్టము ప్రకారము సాధారణముగా బిడ్డకు పదునారేండ్లు నిండకమునుపే అర్జీ దాఖలు కావలెను. పదమూడేండ్ల బాలికకు మిగిలినది మూడేండ్లు. ఉద్యోగికి అది మూడు జమాబందీల కాలము. ఆమెకు మిగిలిన బాల్యమంతయు నదియే.

కాలహరణమును ప్రభుత్వ మెరుగకపోలేదు. దత్తత అర్జీని రెండు నెలలలో తీర్పవలెనని 2015 చట్టమే నిర్దేశించినది. న్యాయస్థానములలో ఆలస్యమగుచున్నదని 2021లో చట్టమును సవరించి, 2022 సెప్టెంబరు 1వ తేదీ నుండి ఆ యధికారమును కలెక్టరున కప్పగించిరి. కాని కచేరీ మారినంత మాత్రమున కాలము కలిసి రాదు. లోపములన్నియు నొక్కసారి వ్రాసి తెలుపవలెను. ఒకటి తీర్చిన పిమ్మట మరియొకటి చూపుట క్రూరత్వము. ప్రభుత్వము తన యొద్దనే యున్న పత్రమును అమ్మమ్మచేత మరల తెప్పింపరాదు. గడువు దాటినచో కారణమును ఉద్యోగి వ్రాతమూలకముగా చెప్పవలెను. ఇందు ఏ యొక్కటియు పరిశీలనను సడలించునది కాదు.

ఈ విషయమున ఉపాధ్యాయుల కర్తవ్యమును కలదు. బిడ్డను బడిలో చేర్చునాడు జూను మాసముననో జూలై మాసముననో ఏదో యొక తేదీని పుట్టినతేదీగా వ్రాయుట మన పాఠశాలలలో చిరకాలముగా నున్న యలవాటు. 2023 అక్టోబరు 1వ తేదీకి పిదప పుట్టిన బిడ్డలకు జనన పత్రమే ప్రమాణమని చట్టము వచ్చినది. అంతకుముందు పుట్టి నేడు తరగతులలో కూర్చున్న లక్షల బిడ్డలకు మాత్రము బడి పట్టిక ఇప్పటికిని ముఖ్యమైన సాక్షియే. ప్రధానోపాధ్యాయుడు తొందరలో విడిచిన ఒక అక్షరము ఏ బిడ్డకు ఏనాడు అడ్డు నిలుచునో చెప్పలేము. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, జనన పత్రముతో సరిచూచి వ్రాయుటకు పట్టునది ఐదు నిమిషములు. అనాథయైన బిడ్డకు ఆ యైదు నిమిషముల శ్రద్ధ ఒక యేడాది నిరీక్షణను తప్పింపవచ్చును.