రెజ్యూమెలో రాయని ఏళ్లు

భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఊళ్ల నుంచి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలు డిగ్రీ రాస్తారు, కంప్యూటర్ కోర్సు రాస్తారు. మధ్యలో చదువాగిన రెండు మూడేళ్లను మాత్రం దాచేస్తారు. ఆ ఏళ్లలోనే ఒకరు వేసవంతా తునికాకు కల్లం దగ్గర కూర్చుని ఉంటారు. కట్టకు 50 ఆకులున్నాయో లేదో చూడటం, ఏ ఇంటి కట్టలు ఆ ఇంటి పేరున రాయడం, డబ్బులొచ్చాక ఆ లెక్క అప్పజెప్పడం వాళ్ల పనే. ఇంకొకరు కోయ భాష తప్ప మరోటి రాని అవ్వ బాధను ఆసుపత్రిలో డాక్టరుకు తెలుగులో చెప్పి ఉంటారు. ఇది అనుభవం కాకపోతే మరేది? ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో, ఏం చేశారో విడమరిచి రాయండి.

దాచకుండా చెప్పుకోవడం ఎలాగో పక్కనే ములుగు అడవుల రాజకీయ నాయకురాలు సీతక్కను చూడండి. చిన్న వయసులోనే నక్సల్ ఉద్యమంలోకి వెళ్లారు, బయటికొచ్చి లా చదివారు, 2009లో ఎమ్మెల్యే అయ్యారు. 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేటు అందుకున్నారు. పరిశోధన వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయ గిరిజనుల మీద! ఆ సందర్భంలో నక్సలైటుగా, లాయరుగా, ఎమ్మెల్యేగా తాను నడిచిన దారినంతా ఆమే వరుసగా చెప్పుకున్నారు. ఏదీ దాచలేదు.

అలాంటి ఏళ్లను దరఖాస్తులో ఎక్కడ, ఎంత రాయాలో ఈ సంచికలో వివరిస్తున్నాం. ఉద్యోగాలిచ్చేవాళ్లు కూడా చదవాలని మా కోరిక.