అటకెక్కిన నిప్పు

ఇంట్లో నిప్పంటుకుందంటే చాలు, ఊరంతా వేలు చూపించేది ఆడదాని వైపే. "పొయ్యి దగ్గర పరధ్యానంగా ఉండుంటుంది!" అనేస్తారు. ఆ పొయ్యికి నాలుగడుగుల పైన, అటక మీద ఏముందో, దాన్ని అక్కడికి ఎక్కించిందెవరో అడిగిన పుణ్యాత్ముణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మా తంబళ్లపల్లె వైపు పాత మట్టిమిద్దెల్లో పొయ్యి పైన అటకకి ఒక అర్థముండేది. కట్టెల పొగ రోజూ తగులుతుంటే విత్తనాలకు దాచిన కంకులు పురుగు పట్టేవి కావు. పొగా వేడీ బయటికి పోవడానికి మిద్దెకి గవాచి ఉండేది. పెద్దవాళ్లు చదువుకోకపోయినా వేడి ఎటు పోతుందో ఎరిగినవాళ్లు.

1999లో దీపం పథకం వచ్చాక చాలా ఇళ్లలోకి గ్యాసు పొయ్యి వచ్చింది. పొగ బాధ తప్పింది, సంతోషమే. కంకులు పోయాయి. సిమెంటు కప్పు వచ్చి గవాచీ పోయింది. అటక మాత్రం పోలేదు! దాని మీద ఇప్పుడేమున్నాయి? చిరిగిన స్పాంజి పరుపు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, పొలానికి మిగిలిన డ్రిప్పు పైపుల చుట్ట, వారంటీకి కావాలని ఆయన దాచిన టీవీ అట్టపెట్టె, అందులో థర్మోకోలు. కొన్ని ఇళ్లలో అయితే బండికి పనికొస్తుందని సగం సీసా పెట్రోలు. అక్కయ్యలూ, వీటిలో ఒక్కటైనా మనం కోరి పెట్టించుకున్నదేనా? మనమూ దాస్తాం, కాదనను. కానీ మనం దాచేది ఇత్తడి బిందెలు. ఇత్తడి మండదు లెండి.

మల్లయ్యకొండ లాంటి కొండ వాలులో ఎండుగడ్డి అంటుకుంటే మంట కిందికి దిగే దానికంటే పైకి ఎంతో వేగంగా పరుగెడుతుంది. గదిలోనూ అంతే. వేడి పొగ పైకి లేచి కప్పు కింద పొరలా పేరుకుంటుంది. కింద నిలబడ్డ మనిషికి వేడి ఇంకా ఓర్చుకునేలా ఉన్నప్పుడే పైన వందల డిగ్రీలుంటుంది. కాగితం అంటుకోవడానికి సుమారు 230 డిగ్రీలు చాలు. నిప్పురవ్వ ఎగిరి పడాల్సిన పనే లేదు, అటక మీదివి వాటంతట అవే అంటుకుంటాయి. ఆ పొర 500, 600 డిగ్రీలకి చేరిందా, గదిలో ఉన్నవన్నీ ఒక్కసారే భగ్గుమంటాయి. స్పాంజీ ప్లాస్టిక్కూ నిండిన గదిలో దానికి అయిదు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. పైగా స్పాంజి కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడూ, సైనైడు విషమూ ఉంటాయి. "నిచ్చెనెక్కి ఆ పెట్టె లాగెయ్!" అని కింద నిలబడి కేకలేసే మహానుభావుడికి తెలియాల్సింది ఇదే. ఎక్కినవాళ్ల తల సరిగ్గా ఆ విషంలోకే పోతుంది.

ఇక కరెంటు తీగలు. గోడ పైభాగాన పోయే పైపు, తీగలు కలిపిన పెట్టె, అన్నీ సామాను వెనకాల కనపడకుండా ఉంటాయి. ఎలుక కొరికినా చూసే దిక్కుండదు.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. మర్నాడే డీజీపీ హెలికాప్టర్లో వచ్చి చూశారు. తర్వాత కేసు సీఐడీకి వెళ్లింది. కరెంటు వల్లనా, ఎవరైనా అంటించారా అని రాష్ట్రమంతా చర్చే. అంత విచారణ జరగాల్సిందే. నా ప్రశ్నల్లా ఒకటే. అదే మన వంటింట్లో అయితే, అత్తగారి ఒక్క మాటతో దర్యాప్తు ముగిసిపోతుందెందుకని?

అలా నిందపడే హక్కు మనకే ఉన్నప్పుడు, అటక మీద ఏముండాలో చెప్పే హక్కూ మనకే ఉండాలి. పొయ్యి పైన బట్టా, కాగితం, స్పాంజీ వద్దు. పొలం పత్రాలు ఇనప్పెట్టెలో, గుమ్మం దగ్గర, నేల మీద ఉండాలి. దూదిపరుపు అంటుకుంటే పైన నీళ్లు పోసి ఆరిందనుకోకండి, లోపల గంటలకొద్దీ రగులుతూనే ఉంటుంది. పెద్దమంటైతే పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, తలుపు మూసి, 101కి ఫోను చెయ్యండి.

వచ్చే ఆదివారం నిచ్చెన వేయించండి. ఎక్కేది ఆయనే. మీరు కింద నిలబడి, ఒక్కొక్కటీ ఎందుకుంచారో అడగండి. పెట్రోలు సీసాతో మొదలుపెట్టండి.