పాట తీర్చవలసిన బాకీ

హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయి పోయే రైలు మార్గంలో బిలాస్‌పూర్ పెద్ద కూడలి. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో బెంగాల్-నాగపూర్ రైల్వే ఇటుగా పట్టాలు వేసిన నాటి నుండి ఈ ఊరి జీవితం ఇంజను కూతతో ముడిపడి ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బయలుదేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో రైల్వే కొలువుల కోసం వచ్చి, ఖరగ్‌పూర్‌లో వలెనే ఇక్కడా స్థిరపడ్డాయి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన స్థానం.

సాహిత్యంలో కూడా ఈ స్టేషన్‌కు చోటున్నది. రవీంద్రనాథ ఠాగూర్ 1918లో వెలువరించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కథాకవిత ఒకటి ఉన్నది. ఫాంకి అంటే వంచన. జబ్బుపడిన భార్యను గాలి మార్పు కోసం తీసుకుపోతున్న ఒక భర్త, బండి మారడానికి బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు ఆగవలసి వస్తుంది. అక్కడ రుక్మిణి అనే కూలీ భార్య తన కూతురి పెండ్లి ఖర్చు గురించి ఆ ఇల్లాలితో మొరపెట్టుకొంటుంది. పాతిక రూపాయలు ఇవ్వమని ఇల్లాలు భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని చాటుకు పిలిచి, గదమాయించి, రెండు రూపాయలు చేతిలో పడవేసి, మొత్తం ఇచ్చినట్లే భార్యను నమ్మిస్తాడు. రెండు నెలలకు ఆమె కన్నుమూస్తుంది. పశ్చాత్తాపంతో అతడు మళ్లీ బిలాస్‌పూర్‌లో దిగేసరికి రుక్మిణి లేదు. ఎక్కడికి పోయిందో చెప్పగలవారూ లేరు. ఆ కవితను ఇప్పుడు ఆ స్టేషన్‌లోనే ప్రదర్శించి ఉంచారు.

బాకీ ఉన్నది, తీర్చాలన్న బుద్ధి కలిగింది, పుచ్చుకోవలసిన మనిషి మాత్రం లేదు. పాటల లోకంలోనూ ఇటువంటి బాకీలు తరచుగా మిగిలిపోతుంటాయి. పాట జనంలోకి పోయేటప్పుడు దాని మీద ఒక పేరు ఉంటుంది. దానిని నిలబెట్టిన చేతులు పదో, ఇరవయ్యో ఉంటాయి. ఈ సంగతి గ్రహించడానికి బిలాస్‌పూర్ పొరుగు గ్రామంలో పుట్టిన ఒక కవి జీవితం చక్కని ఉదాహరణ.

మస్తూరీ యువకుడు

ఆ గ్రామం మస్తూరీ. అక్కడ 1949 జూన్ 7న జన్మించిన లక్ష్మణ్ మస్తూరియాకు ఊరి పేరే ఇంటిపేరయింది. మాట కట్టేదీ ఆయనే, గొంతెత్తి పాడేదీ ఆయనే. ఇటువంటి వారినే మన పెద్దలు వాగ్గేయకారులన్నారు. ఆయన పాడిన భాష ఛత్తీస్‌గఢీ. పొలంలోనూ, సంతలోనూ మాట్లాడే ఆ భాషను చదువుకొన్నవారు మోటు భాషగా చూస్తున్న రోజులవి.

దుర్గ్ పట్టణ సమీపంలోని బఘేరా గ్రామంలో రామచంద్ర దేశ్‌ముఖ్ అనే కళాభిమాని ఉండేవారు. ఆ ప్రాంతంలో పలుకుబడి గల భూస్వాములను గౌరవంగా 'దావూ' అని పిలుస్తారు. ఈ దావూకు సేద్యం కంటె నాటకం మీద మక్కువ ఎక్కువ. రాత్రంతా సాగే 'నాచా' అనే జానపద నాటకాన్ని బాగుచేయాలని 1950 ప్రాంతం నుండే ఆయన శ్రమించారు. చివరకు ఛత్తీస్‌గఢ్ రైతు బతుకంతా ఒకే వేదిక మీద పాటగా, ఆటగా చూపాలని సంకల్పించారు. ఊరూరా తిరిగి కళాకారులను వెదకి, తన ఇంట చేర్చి, సొంత సొమ్ము వెచ్చించి సాధన చేయించారు. ఆ ప్రదర్శన పేరు 'చందైనీ గోందా'. గోందా అంటే బంతిపువ్వు. 1971 నవంబరు 7న బఘేరాలో అది తొలిసారి ప్రదర్శితమైంది. అప్పటికి మస్తూరియా వయస్సు 22 ఏళ్లు.

ఈ ప్రదర్శనకు సంగీతం కూర్చినవారు ఖుమాన్‌లాల్ సావ్. వృత్తి ఉపాధ్యాయత్వం. చిన్ననాటి నుండీ నాచా మేళాలలో హార్మోనియం వాయించిన అనుభవం ఆయనది. సినిమా బాణీలు పల్లె వేదికలను ఆక్రమిస్తున్న ఆ కాలంలో, వరి నాట్ల పాటలలో, పెండ్లి పాటలలో ఉన్న నడకలనే ఆధారం చేసుకొని ఆయన కొత్త బాణీలు కట్టారు. హార్మోనియం, వేణువు, బెంజో, తబలా, ఢోలక్ ఆయన సరంజామా. మస్తూరియా మాటకు ఆ బాణీ తోడైనప్పుడు అది చదువుకొన్నవాడి కవిత్వంగా గాక, ఊరు ఎప్పటినుంచో పాడుకొంటున్న పాటగా వినిపించింది. అలసిపోయినవారిని, పడిపోయినవారిని, భయపడినవారిని తన వెంట నడవమని పిలిచే 'మోర్ సంగ్ చలవ్ రే' అనే పాటను మస్తూరియా స్వయంగా పాడారు. ఆ పాటే ఆయనకు జీవితాంతం చిరునామా అయింది.

అన్ని పాటలూ ఆయనే పాడలేదు. వెళ్లిపోతున్న బండివాణ్ణి చిరునామా అడిగే యువతి పాటను ఆయన వ్రాయగా కవితా వాస్నిక్ పాడారు. చాలామంది శ్రోతలు ఆ పాటను ఆమె పాటగానే ఎరుగుదురు. మరొక గాయకుడు భయ్యాలాల్ హెడావ్. సత్యజిత్ రాయ్ 1981లో తీసిన 'సద్గతి' చిత్రంలో గోండు పాత్ర ధరించినది ఈయనే. మరికొందరు ఛత్తీస్‌గఢీ కవుల రచనలూ ఆ ప్రదర్శనలో చేరాయి. రాయ్‌పూర్ ఆకాశవాణి ద్వారా ఈ పాటలు ఇంటింటికీ చేరాయి. కాబట్టి మస్తూరియా తొలి విజయం ఎవరిదని అడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. భూమి గలవాడు ధనమిచ్చాడు, బడిపంతులు బాణీ ఇచ్చాడు, ఇతరులు గొంతులిచ్చారు, కవి మాట ఇచ్చాడు.

అదే పట్టాల మీద కలకత్తాకు

బిలాస్‌పూర్‌లో తూర్పు దిక్కు బండి ఎక్కితే చేరేది కలకత్తా. అక్కడ ఇంచుమించు మస్తూరియా ఈడువాడే మరొక యువకుడు వేరొక దారిలో ఇదే పని చేశాడు. అతని పేరు గౌతమ్ చటోపాధ్యాయ్. కళాశాల రోజులలో పాశ్చాత్య సంగీత బృందంలో గిటార్ వాయించాడు. ఆ పిదప నక్సల్బరీ ఉద్యమంలో చేరి నిర్బంధానికి గురయ్యాడు. విడుదలైన పిమ్మట కొంతకాలం బెంగాల్‌కు దూరంగా, భోపాల్, జబల్‌పూర్ పట్టణాలలో మందుల కంపెనీ ప్రతినిధిగా తిరిగాడు. నాడు బిలాస్‌పూర్ ఏ మధ్యప్రదేశ్‌లో భాగమో, ఆ రాష్ట్రమే అతనికి ప్రవాసమైంది.

కలకత్తా తిరిగి వచ్చిన తర్వాత 1975లో ఒక బృందాన్ని కూర్చాడు. సభ్యులు ఏడుగురు కనుక మొదట పెట్టుకొన్న పేరు 'సప్తర్షి'. తమ్ముళ్లు ప్రదీప్, విశ్వనాథ్, బంధువు రంజన్ ఘోషాల్, మిత్రులు తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ్, అబ్రహాం మజుందార్ అందులో ఉన్నారు. ఒకరిది వేణువు, ఒకరిది డ్రమ్ము, మరొకరిది వయొలిన్. జీవనానంద దాస్ కవితలోని ఒక పదబంధాన్ని గ్రహించి 'మొహీనేర్ ఘోరాగులి' అని తర్వాత పేరు మార్చుకొన్నారు. మహీనుని గుర్రాలు అని దాని అర్థం. ఆ పేరు సూచించినవాడు రంజన్ ఘోషాల్.

వారి తొలి రికార్డు 1977లో వెలువడింది. దాని పేరు 'సంవిగ్న పాఖికుల్ ఓ కోల్‌కాతా విషయక్'. కలత చెందిన పక్షుల గుంపును గురించి, కలకత్తాను గురించి అని భావం. మన దేశంలో సొంత భాషలో వెలువడిన తొలి రాక్ సంగీత రికార్డులలో ఇది ఒకటి. గిటార్, డ్రమ్స్ విదేశీయమైనవే. పాటలో కనిపించే నగరం, ఆ నగరంలోని ఒంటరితనం బెంగాలీవి. బావుల్ గాయకుల తత్త్వపు బాణీ, జాజ్ లయ, రాక్ వేగం అందులో కలిశాయి. ఒక్కడు కూర్చుని ఇన్నిటినీ కలపగలిగేవాడు కాడు. ఎవరి ఇంట విన్న సంగీతాన్ని వారు తెచ్చి మధ్యన పెట్టడం వలననే అది సాధ్యమైంది.

బఘేరా పాటను వేలాది జనం తొలి రోజుల నుండే అక్కున చేర్చుకొన్నారు. కలకత్తా పాటను కొద్దిమంది మాత్రమే విన్నారు. సినిమా పాటకు, రవీంద్ర సంగీతానికి అలవాటుపడిన చెవులకు అది కొరుకుడు పడలేదు. మరి రెండు రికార్డుల తర్వాత, 1981లో ఆ బృందం విడిపోయింది.

ఒకే పేరు పట్టే చోటు

సమష్టి శ్రమలో చిక్కు పాట కట్టేటప్పుడు కంటె, పేరు వేసేటప్పుడే ఎక్కువగా వస్తుంది. అమెరికా వాగ్గేయకారుడు బాబ్ డిలాన్ తొలి రికార్డు 1962లో వెలువడింది. అందులోని 13 పాటలలో ఆయన స్వయంగా వ్రాసినవి రెండే. మిగిలినవి జానపదాలు, ఇతరుల పాటలు. న్యూ ఆర్లియన్స్‌లోని ఒక పాడు ఇంటిని గురించిన పాత పాటను, మిత్రుడు డేవ్ వాన్ రాంక్ కూర్చుకొన్న పద్ధతిలో, అతని అనుమతి లేకుండానే డిలాన్ రికార్డు చేశాడు. ఆ తర్వాత వాన్ రాంక్ అదే పాట పాడితే, డిలాన్‌ను అనుకరిస్తున్నాడని జనం అన్నారు. అతడు విసిగి ఆ పాట మానుకొన్నాడు.

కథ అంతటితో ముగియలేదు. 1964లో ఇంగ్లండులోని 'ది యానిమల్స్' అనే రాక్ బృందం అదే పాటను విద్యుత్ గిటార్, ఆర్గన్‌లతో రికార్డు చేయగా అది ప్రపంచమంతా మారుమ్రోగింది. బృందంలో ఐదుగురు ఉన్నారు. రికార్డు మీది గుండ్రని కాగితంపై ఐదు పేర్లకు చోటు చాలలేదన్న కారణంతో, ఆర్గన్ వాయించిన అలన్ ప్రైస్ పేరొక్కటే వేశారని తోటి సభ్యులు చెప్పుకొన్నారు. ఫలితంగా పాట కూర్పుకు వచ్చే ప్రతిఫలం ఆ ఒక్కనికే చెందింది. ఆ పాటకు గుర్తుగా నిలిచిన గిటార్ ఆరంభాన్ని వాయించిన హిల్టన్ వాలెంటైన్‌కు ఆ కూర్పులో వాటా లేకపోయింది. రెండంగుళాల కాగితం ఐదుగురి స్నేహాన్ని చెరిపింది.

మన అన్నమయ్య కథ ఇందుకు మరొక పక్షం. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి భద్రపరచినవారు కుమారుడు పెద తిరుమలాచార్యులు, ఆ వంశీయులు. శతాబ్దాల తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని పరిష్కరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పలు కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఈనాడు తెలుగువారు పాడుకొనే అన్నమయ్యలో ఇన్ని చేతుల పని ఉన్నది. రాగిరేకులపై పేరు ఒకటే అయినా, ఆ చేతులను గుర్తుంచుకొన్నవారు గుర్తుంచుకొన్నారు.

తీర్చినవారు, తీర్చనివారు

గౌతమ్ చటోపాధ్యాయ్ తన బాకీని తీర్చిన తీరు తెలుసుకోదగినది. 1995లో, తొలి ప్రయత్నానికి ఇరవై ఏళ్ల తర్వాత, ఆయన మళ్లీ ఒక సంకలనం తెచ్చారు. పాత పాటలతో తన పేరు నిలబెట్టుకోవడానికి అది మంచి అవకాశం. ఆయన మాత్రం వయస్సులో తన కంటె చిన్నవారిని, పేరు లేనివారిని పిలిచి పాడించారు. దాని మీద తమ బృందాన్ని సంపాదకులుగా మాత్రమే పేర్కొన్నారు. ఆ సంకలనం తర్వాత బెంగాల్‌లో కొత్త గాయక బృందాలు ఎన్నో బయలుదేరాయి. 1999 జూన్‌లో ఆయన మరణించారు. ప్రపంచం నానాటికీ చిన్నదైపోతున్నదని చెప్పే ఆయన పాట బాణీ 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ చిత్రంలో వినిపించి దేశమంతటా ప్రసిద్ధమైంది. విన్న కోట్ల మందిలో ఆయన పేరు ఎరిగినవారు ఎందరు?

ఛత్తీస్‌గఢ్‌కూ ఇటువంటి అనుభవమే కలిగింది. అత్తవారింటిని బంతిపువ్వుతో పోల్చే అక్కడి జానపదం 2009లో 'ఢిల్లీ-6' చిత్రం ద్వారా దేశమంతా ఎగిరింది. దానిని తరతరాలుగా కాపాడిన గొంతులు ఏ ఊరివో అడిగినవారు తక్కువ.

చందైనీ గోందా మాత్రం చేతులు మారుతూ బ్రతికింది. దేశ్‌ముఖ్ తర్వాత ఖుమాన్‌లాల్ సావ్ ఆ బాధ్యత వహించి వృద్ధాప్యం వరకు మోశారు. 2015 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు లభించింది. 2019లో ఆయన కన్నుమూశారు. అంతకు ముందు సంవత్సరమే, 2018 నవంబరు 3న, లక్ష్మణ్ మస్తూరియా మరణించారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర అవతరణ దినం గడిచి అప్పటికి రెండు రోజులే అయింది. మోటు భాష అని ఒకనాడు చిన్నచూపు చూసిన ఆ నుడికి రాష్ట్రం వచ్చింది. ఆ నుడికి ధైర్యం చెప్పిన గొంతులలో ఆయనది ముందువరుసలోనిది.

మస్తూరియా పాటలో యువతి బండివాణ్ణి చిరునామా ఎందుకు అడిగిందో ఠాగూర్ కవితలోని భర్తకు బాగా తెలిసి ఉండాలి. బండి కదలక ముందే ఆమె అడిగింది. అతడు రెండు నెలలు ఆలస్యంగా అడిగాడు. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద బండ్లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఏ పాట అయినా మనసుకు హత్తుకొన్నప్పుడు, వాయించినవారెవరు, బాణీ ఎవరిది, ఊరేది అని ఆ క్షణంలోనే అడిగి తెలుసుకొన్న శ్రోత, తన వంతు పాతిక రూపాయలు చెల్లించినట్లే.