సముద్రపు రంగు

తలుపులలో కూర్చున్న తెలుగు మేష్టారికి సముద్రం గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, మా వైపు వారికి తెలిసినవి వాన పడితే చెరువులోకి వచ్చే ఎర్రనీళ్ళే. కాని ఆ ఎర్రనీళ్ళ సంగతీ, కడలి నీలం సంగతీ చెప్పేది ఒకే శాస్త్రమంటే నమ్ముతారా?

సముద్రపు నీలం ఆకాశపు నీడేనని లార్డ్ రేలీ అంతటి పండితుడు అన్నాడు. చిన్ననాడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్‌గారికి ఆ మాట రుచించలేదు. 1921లో ఇంగ్లండునుంచి నార్కుండా అనే ఓడలో తిరిగివస్తూ, నికల్ పట్టకం కంటికి అడ్డుపెట్టుకొని, నీటిమీది ఆకాశపు ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు సరిగదా, మరింత చిక్కబడింది! నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన తేల్చారు. ఎరుపును నీరు మింగేస్తుంది. చెదిరి వెనక్కు వచ్చేది ఎక్కువగా నీలమే.

ఇది నడిసముద్రం మాట. ఒడ్డుకు వస్తే కథ వేరు. గోదావరీ కృష్ణలు తెచ్చే ఒండ్రు రేణువులు అణువుల్లాగా నీలాన్ని ఏరుకోవు. అన్ని రంగులనూ చెదరగొడతాయి. అందుకే అక్కడ నీరు మురికిగా కనిపిస్తుంది.

దీన్ని కొలవడం ఎలా? 1865లో ఇటలీలో సెక్కి అనే మతాచార్యుడు తెల్లని పళ్ళేన్ని తాడుతో నీళ్ళలోకి దించి, ఎంత లోతున కంటికి మాయమవుతుందో చూశాడు. ఇప్పుడు పరికరాన్నే నీటిలోకి దించి, దీపం వెలిగించి, ఎంత వెలుగు చెదిరి వెనక్కు వచ్చిందో లెక్కకడతారు.

ఇంత శ్రమ దేనికంటే, బెస్తవారి పొట్టకూటికి. కంటికి ఆనని నాచు ఉన్నచోట చిన్న చేపలు చేరుతాయి, వాటివెంట పెద్దవి. శ్రీహరికోటనుంచి 2009లోనూ, 2022లోనూ ఎగిరిన ఓషన్‌శాట్ ఉపగ్రహాలు నీటి రంగును బట్టి ఆ నాచును పోల్చుకొనేందుకు పంపినవే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ నాచునూ, నీటి వేడినీ చూచి, ఎక్కడ వల వేస్తే మేలో మత్స్యకారులకు చెబుతుంది. తీరం దగ్గర మాత్రం ఒండ్రును నాచని భ్రమపడే ప్రమాదం ఉన్నది. అలా భ్రమపడితే పడవకు పోసిన డీజిలూ, పడిన కష్టమూ నీటిపాలు. అందుచేత ఆకాశంనుంచి వచ్చిన లెక్కను పడవమీద వెళ్ళి సరిచూసుకోవలసిందే.

ఈసారి మచిలీపట్నమో, కాకినాడో వెళ్ళినప్పుడు "ఛీ, ఇక్కడ నీలంగా లేదే!" అని పిల్లలు పెదవి విరిస్తే, ఆ మురికిలో ఎంత లెక్క ఉన్నదో కాస్త చెప్పండి.